గుల్గులా, గుగ్గులా?

శ్రీకాకుళం: మా తాతగారు శుక్రవారం ధూపం వేస్తూ ఒక మంత్రం చదివేవారు. “నైనం శపథో అశ్నుతే” అన్న ముక్క మాత్రం నోట్లో మిగిలింది. దిష్టికి చదువుతారనేవారు. ఎక్కడిది? శపథం అంటే ఇక్కడ ఒట్టేనా?

విజయనగరం: అథర్వవేదం, 19వ కాండ, 38వ సూక్తం. “న తం యక్ష్మా అరుంధతే నైనం శపథో అశ్నుతే, యం భేషజస్య గుల్గులోః సురభిర్గంధో అశ్నుతే.” ఒట్టు కాదు, శాపం. గుల్గులు అనే ఆ మందు బంక వాసన సోకినవాణ్ణి రోగమూ పట్టదు, శాపమూ అంటదు.

బొబ్బిలి: గుల్గులోః కాదు మేష్టారూ, గుగ్గులోః. నేను విన్న పాఠం అదే.

విజయనగరం: ప్రతుల్లో రెండూ ఉన్నాయి. పాతది మాత్రం ల్గు. ఫల్గున ప్రాకృతంలో ఫగ్గుణ అయింది కదా, ఇదీ అంతే. రెండో కాండ 36లో, పిల్లకి మొగుడు దొరకాలని చదివే సూక్తంలో, “ఇదం హిరణ్యం గుల్గులు” అని బంగారం పక్కనే పెట్టారు. నాలుగో కాండ 37లో తరిమేసే అప్సరసల్లో ఒకామెకి ఇదే పేరు!

బొబ్బిలి: గ్గు ప్రాకృతంలా వినిపించి లేఖకులే ల్గు అని దిద్ది ఉండొచ్చు కదండీ. తమిళంలో చూడండి, గుగ్గిలాన్ని కుంగిలియం అంటారు. ఇల్లాలి తాళి అమ్మి శివుడికి ధూపం మూట కొన్న శివభక్తుడు కుంగిలియ కలయ నాయనారు పేరులోనూ అదే. మాట దక్షిణాదిదేనని నా నమ్మకం.

పార్వతీపురం: అక్షరం సరే, వస్తువు ఒకటేనా? మనవైపు కొట్లో గుగ్గిలం అంటే సాల వృక్షం బంక, సంస్కృతంలో సర్జరసం. లేత పసుపు పెళ్ళలు, వేలితో నొక్కితే పెళుసుగా విరుగుతాయి. అథర్వంలోది సింధు, కచ్ఛ్ ఎండు నేలల్లో పెరిగే ముళ్ళ పొద బంక, చేతికి అంటుకుంటుంది. తర్వాతి మంత్రంలో “సైంధవం” అన్నది అందుకే.

టెక్కలి: అదే మంత్రంలో “సముద్రియం” అని కూడా ఉంది. ఓడల మీద వచ్చిన సుమత్రా సాంబ్రాణి ఎందుకు కాకూడదు? మన కళింగపట్నం పాత రేవు ఉండనే ఉంది.

విజయనగరం: అంత దూరం వద్దు బాబూ. సింధు నది సముద్రంలో కలిసే చోటు చాలు, రెండు మాటలూ అక్కడే కుదురుతాయి.

పార్వతీపురం: ఇలాంటివి చూస్తే హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారే గుర్తొస్తారు. లలితాసహస్రనామాల్ని “తల్లివిన్కి”గా అచ్చతెలుగు చేసిన మనిషి. ఋగ్వేద మంత్రాల్నీ తెలుగులో పాటకి ఒదిగించారు. అజ్జాడలో పుట్టిన ఆ గొంతు విన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులో! ఈ సూక్తం కూడా ఆయన చేతిలో పడాల్సింది. కానీ గుగ్గిలం తద్భవం కదా, అచ్చతెలుగులో ఒప్పుకుంటారా?

విజయనగరం: అచ్చతెలుగులో తద్భవానికి చోటుందమ్మా. తత్సమమే కూడదు.

బొబ్బిలి: తద్భవమని అప్పుడే ఎలా తేల్చేస్తారు? కుంగిలియంలో సున్నాగా పలికే ఆ ఙ్ ఎక్కడిదో ముందు చెప్పండి.