సమస్యాపూరణం: పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె

నిర్వాహకులు:
తెవికీ (తెలుగు వికీపీడియా) వెతుకుపెట్టెలో బహువచనం కొడితే, దారిమార్పు (ఒక పేరును మరో పేజీకి మళ్ళించే పేజీ) ఉన్నచోట ఏకవచనం పేజీ తెరుచుకుంటుంది కదా, ఆ ముచ్చట మీద తట్టిన పాదమిది. ఆటవెలదిలో పూరించండి.

*పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె*

తాటాకు:

ఏకవచనమందె యెల్ల శీర్షికలుండ
దారిమార్పు నుంచి తగిన చోట
చదువ వచ్చినట్టి సరసుఁ డొక్కఁడు నేఁడు
పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె

ద్విత్వం:
మూడో పాదంలో యతి హాయిగా కూర్చుంది తాటాకు గారూ. రెండో పాదంలో మాత్రం "దారిమార్పు నుంచి" అనగానే చదివేవాళ్ళకి "నుండి" అన్న విభక్తే తగులుతుంది, "ఉంచి" అన్న క్రియ తోచదు. "దారిమార్పు నిలిపి" అంటే చిక్కు పోతుంది. అసలు దోషం "ఎల్ల" దగ్గరుంది. శీర్షికలన్నీ ఏకవచనంలో ఉండవు. నీళ్లు, పాలు, పెసలు నిత్యబహువచనాలు, వాటికి ఏకవచనం కల్పించి పేజీ పెట్టకూడదు. పాండవులు, సప్తర్షులు సమూహాల పేర్లు, అవీ బహువచనంలోనే ఉండాలి. "యెన్నొ శీర్షికలుండ" అనండి, గణమూ యతీ రెండూ నిలుస్తాయి.

ఇక నా పూరణ:

దంతబాధ తోడఁ దల్లడిల్లెడువాఁడు
వెదకు పెట్టెలోన వ్రేల నొక్కి
మందు కొఱకుఁ జూడ మామిడి కనిపించె
పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె

పలకబలపం:
ఆహా! పండుకీ పండ్లే, పన్నుకీ పండ్లే. సమస్యలో దాగిన విరుపు ఇదే. మామిడి దగ్గర నవ్వు ఆగలేదు.

తాటాకు:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ "పెట్టెలోన వ్రేల" దగ్గర "న" గురువైపోలేదా? వ్రే సంయుక్తాక్షరం కదా.

ద్విత్వం:
కాలేదు. లోన, వ్రేల విడివిడి తెలుగు మాటలు. వాటి మధ్య సమాసం లేదు, పైగా వ్రేలులో రేఫను ఊది పలకం. లఘువే.

పలకబలపం:
ద్విత్వం గారి మాటే సరి. ఇక రెండర్థాల మాటల చర్చ మొన్న "అద్దాలు" పూరణలోనూ నడిచింది. అక్కడ తాటాకు గారు అద్దాలను నేరుగా అద్దానికి మళ్ళించారు, కళ్ళజోడు వెతుక్కునేవాడి సంగతి వదిలేశారు. దంతబాధ పద్యం దానికి జవాబులా ఉంది.

తాటాకు:
అద్దాల విషయంలో నాది పొరపాటే. దాన్ని అయోమయ నివృత్తి పేజీ చేసి అద్దం, కళ్ళజోడు రెండూ చూపించాలి. పండ్లు అలా కాదు. అచ్చులో ఈ మాట నూటికి తొంభైసార్లు ఫలాలకే వాడతారు. దారిమార్పు పండుకే ఉంచి, పండు వ్యాసం నెత్తిన "దంతాల కోసం దంతం చూడండి" అని ఒక వాక్యం పెడితే చాలు. "పళ్ళు" మాత్రం రెంటికీ సమానంగా చెల్లుతుంది కాబట్టి దానికే నివృత్తి పేజీ.

ఓరుగల్లు వాసి:
అన్నా, నూటికి తొంభై అనే లెక్క మా దిక్కు చెల్లదు. తెలంగాణల పొద్దున లేస్తే పండ్లు తోముకునుడే. పండ్ల డాక్టరంటే మామిడిపండ్లు చూసెటోడు గాదు. పండ్లు, పళ్ళు, పళ్లు మూడూ నివృత్తి పేజీకే పోవాలె. పన్నులు అనేది మాత్రం సుంకం పేజీకి పోతే ఇబ్బంది లేదు. పన్నంటే దంతం, సుంకం రెండూ గానీ, దంతానికి బహువచనం పన్నులు కాదు గదా.

తాటాకు:
ఆ పన్నుల సూక్ష్మం నాకు తట్టలేదు. మీదే సరి. నా పూరణ వ్యాకరణంగా నిలుస్తుంది గానీ అందులో చెప్పిన దారిమార్పు తప్పు.

పలకబలపం:
నా వంతు. ఇది జంట దారిమార్పుల (ఒక దారిమార్పు మరో దారిమార్పుకు మళ్ళడం) మీద:

ఒక్క యడుగె కాని యోపదు రెండవ
యడుగు వేయ యంత్ర మందువలన
నడిమి మెట్టుఁ దీసి నయముగాఁ గలుపంగ
పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె

ద్విత్వం:
నాకన్నా ఇదే మేలు. "నడిమి మెట్టుఁ దీసి" అన్నచోట పని మొత్తం ఉంది. పండు వ్యాసాన్ని ఎవరైనా ఫలం అనే పేరుకు తరలిస్తే పాత పేరు దానంతటదే దారిమార్పు అవుతుంది. నివృత్తి పేజీ ఇంకా పెట్టక పండుకే మళ్ళుతున్న పండ్లు, పళ్ళు, పళ్లు మూడూ జంట దారిమార్పులైపోతాయి. వికీని నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ ఒక్క మళ్ళింపే అనుసరిస్తుంది, రెండోదాని దగ్గర ఆగి ఖాళీలాంటి పేజీ చూపిస్తుంది. అందుకే తరలించినవాళ్ళు వెంటనే "ఇక్కడికి లింకున్న పేజీలు" తెరిచి, పాత పేరుకు మళ్ళేవాటిని ఒక్కొక్కటే కొత్త పేరుకు తిప్పాలి. బాట్లు (వాటంతటవే దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాములు) వచ్చి సరిచేసేదాకా పాఠకుణ్ణి నిలబెట్టకూడదు.

మందారమాల:
కొత్తగా చేరాను, తప్పులుంటే చెప్పండి.

సున్న వెడలుపున్న సూక్ష్మపు గుర్తొండు
నడుమ నున్న పేరు నలిగి పోయె
దానిని తీసివేసి తగినట్లు మళ్ళింప
పండ్లు వెదకఁ బోవఁ బండు దొరకె

తాటాకు:
మూడో పాదం మొదట్లో "దానిని" భగణమైంది. అక్కడ సూర్యగణం కావాలి, "దాని" చాలు. విషయం మంచిది గానీ సమస్యకు అతకలేదు. పండ్లులో ఆ కనబడని గుర్తు (పొల్లునీ తరవాతి అక్షరాన్నీ కలవనివ్వని సున్నా వెడల్పు గుర్తు) పడదు, "కంప్యూటర్‌లు", "కంప్యూటర్లు" దగ్గర పడుతుంది. రెంటినీ సాఫ్ట్‌వేరు వేర్వేరు శీర్షికలుగానే చూస్తుంది, కాబట్టి రెండు దారిమార్పులూ ఉండాలి. ఆ గుర్తు పేరు చివరి పొల్లు మీద పడితే మరీ కష్టం: కంటికి తేడా తెలియదు, లింకు మాత్రం ఎర్రగా, అంటే ఆ పేరుతో పేజీ లేదన్నట్టు, ఉంటుంది.

మందారమాల:
"దాని తీసివేసి" అని మార్చుకుంటాను. ఒక సందేహం. వ్యాసంలో [[పండు]]లో అని రాస్తే "లో" కూడా లింకులో కలిసిపోతుంది కదా, అలాంటప్పుడు బహువచనానికి దారిమార్పు ఎందుకు?

ద్విత్వం:
కుండలీకరణాలను ఆనుకుని వచ్చిన తెలుగు అక్షరాలన్నీ లింకులో కలుస్తాయి, నిజమే. [[జిల్లా]]లు అందువల్లే చక్కగా కుదురుతుంది. కానీ మన భాషలో చాలా మాటలకు బహువచనంలో ప్రాతిపదికే మారిపోతుంది. నది నదులవుతుంది, [[నది]]లు అంటే తప్పు. మండలం మండలాలవుతుంది, చెట్టు చెట్లవుతుంది. అక్కడ [[నది|నదులు]] అని నిలువుగీత పెట్టి రాయాలి, లేదా [[నదులు]] అని రాసి దారిమార్పు మీద ఆధారపడాలి. పనిచేస్తున్న దారిమార్పు లింకును వెతికి మరీ మార్చనక్కర్లేదు.

పెట్టే పద్ధతి తేలిక. "నదులు" అని వెతికి, ఎర్రలింకు నొక్కి, మొదటి వరసలో #దారిమార్పు [[నది]] అని రాసి భద్రపరచాలి. దానికి ముందు ఇంకో మాట ఉంటే మళ్ళింపు పనిచేయదు. తరవాత దారిమార్పు పేజీని దిద్దాలంటే, నది వ్యాసం శీర్షిక కింద చిన్న అక్షరాల్లో కనబడే "నదులు" లింకు నొక్కితే అక్కడికే వెళ్తారు.

ఓరుగల్లు వాసి:
వర్గాల సంగతి గూడ చెప్పుండ్రి. వర్గం పేర్లు ఎక్కువగా బహువచనంలనే ఉంటయి. వర్గం పేజీల దారిమార్పు పెట్టినంత మాత్రాన లోపలున్న వ్యాసాలు కొత్త వర్గానికి పోవు. ఒక్కో వ్యాసం అడుగున ఉన్న వర్గం వరసను మార్చాలె.

నిర్వాహకులు:
దంతబాధ పద్యానికి మొదటి స్థానం, నడిమి మెట్టుకు రెండోది. వ్రేల విషయంలో లఘువనే తీర్పు. తాటాకు గారు రెండు సవరణలతో పద్యాన్ని మళ్ళీ పెట్టాలి.

వచ్చే సమస్య, ఆటవెలదిలోనే: *కల్లు కొఱకుఁ బోవఁ గళ్ళు దొరకె*