ఆకురేరి ఊరికి రెండు క్లబ్బులు అవసరమా? కేఏ, థోర్‌లను కలిపేయాలా?

వేణు:
ఐస్‌లాండ్ ఉత్తరాన ఉన్న ఆకురేరి జనాభా 20 వేలకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న ఊళ్ళో పలు ఆటలు నడిపే పెద్ద క్లబ్బులు రెండున్నాయి. థోర్ 1915లో పుట్టింది, కేఏ 1928లో. రెండిటినీ కలిపేయాలన్నది నా వాదన. రాజధాని రేక్యావిక్‌లో కేఆర్ అనే క్లబ్బు ఒక్కటే 27 సార్లు ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది. ఆకురేరికి మగవాళ్ళ లీగ్‌లో దక్కింది ఒకే ఒక్క టైటిల్. ఉన్న కాసిని పిల్లల్నీ స్పాన్సర్లనీ రెండు వాటాలేసుకుంటే జట్టు ఎలా నిలబడుతుంది?

సుజాత:
ఇదివరకే కలిపి చూశారు వేణు గారూ. ఫుట్‌బాల్‌లో 1974 దాకా ఊరంతటికీ ఈబీఏ అని ఒకటే జట్టు. 1969లో కప్పు గెలిచింది గానీ లీగ్ మాత్రం ఒక్కసారీ గెలవలేదు. మీరన్న ఆ ఒక్క టైటిల్ విడిపోయాక వచ్చిందే! 1989లో కేఏ సొంతంగా గెలిచింది. ఆఖరి రోజు పట్టికలో ముందున్నది ఎఫ్‌హెచ్ అనే క్లబ్బు. వాళ్ళు సొంత మైదానంలో ఫిల్కిర్ చేతిలో 1-2తో ఓడిపోయారు. అదే రోజు కేఏ కెఫ్లావిక్ వెళ్ళి 2-0తో గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. ఊరి బలమంతా ఒకచోట పోగేస్తే టైటిళ్ళు వాటంతటవే వస్తాయన్న లెక్క ఇక్కడే తప్పింది.

వేణు:
ఒక్క 1989ని పట్టుకుని ఎంతకాలం లాగుతారండీ? అమ్మాయిల సంగతి చూడండి. ఫుట్‌బాల్‌లో ఉమ్మడి జట్టు 2012లో, 2017లో ఛాంపియన్. హ్యాండ్‌బాల్‌లో 2021లో ఉమ్మడి జట్టే ఛాంపియన్. అక్కడ పనికొచ్చింది మగవాళ్ళకెందుకు పనికిరాదు?

ఫణి:
మగవాళ్ళ హ్యాండ్‌బాల్‌లోనూ కలిశారు, 2006లో. 2011లో లీగ్ పట్టికలో మొదటి స్థానం వాళ్ళదే, ఆ తర్వాత టైటిల్ కోసం ఆడిన ఫైనల్లో మాత్రం ఎఫ్‌హెచ్ చేతిలో ఓడారు. అంతవరకూ బాగానే నడిచింది. 2017కి కేఏ బయటికొచ్చేసింది. రెండో డివిజన్‌లో ఆడాల్సొచ్చినా సరే, తన పేరుతోనే ఆడింది. మరుసటి ఏడే పై డివిజన్‌కి ఎక్కింది కూడా. ఆ హ్యాండ్‌బాల్ విభాగానికి వెనక అంత చరిత్ర ఉంది మరి. 1997లో ఆల్ఫ్రెడ్ గిస్లాసన్ కోచ్‌గా లీగ్ గెలిచిన క్లబ్బు అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జర్మనీకి రజతం తెచ్చిన కోచ్ ఆయనే.

సుజాత:
ఫణి గారు చెప్పినదానికి ఇంకో మాట కలుపుతాను. అమ్మాయిల జట్ల పేర్లు చూశారా? ఫుట్‌బాల్‌లో ‘థోర్/కేఏ’, హ్యాండ్‌బాల్‌లో ‘కేఏ/థోర్’. క్లబ్బులు విడిగా ఉంటూనే, అవసరమైన చోట ఒక జట్టు కోసం చేతులు కలిపాయి. ఇలాంటి పొత్తుకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. వేణు గారు అడుగుతున్నది పేరూ మైదానమూ చెరిపేసే విలీనం, దాన్ని ఒప్పుకోలేను.

గ్లేరా ఏటికి ఉత్తరాన ఉన్న పేటలు థోర్‌వి, బ్రెక్కా వైపు కేఏది. ఈ క్లబ్బులు నడిచేది చాలావరకు తల్లిదండ్రుల చాకిరీ మీద. జూలై మొదట్లో కేఏ మగపిల్లల పెద్ద టోర్నమెంటు పెడుతుంది, ఆ రోజుల్లోనే థోర్ పెద్దవాళ్ళ టోర్నమెంటు పెడుతుంది. రెండుచోట్లా వంటలు, టికెట్లు, మైదానం గీతలు అన్నీ వాలంటీర్లే చూసుకుంటారు. క్లబ్బులకి వచ్చే డబ్బులో మంచి భాగం ఈ టోర్నమెంట్లదే. ఊరి పేరుతో ఒక కొత్త సంస్థ పెడితే వీళ్ళంతా అదే ప్రేమతో వచ్చి పనిచేస్తారని నాకు నమ్మకం లేదు. ఆటగాళ్ళకీ సొంత క్లబ్బు మీద మమకారం అలాంటిదే. 2016 యూరో ఫుట్‌బాల్ టోర్నమెంటులో ఐస్‌లాండ్ కెప్టెన్ ఆరోన్ గున్నార్సన్ 2006లో థోర్ నుంచి విదేశాలకి వెళ్ళినవాడు, 2024లో మళ్ళీ థోర్‌కే సంతకం పెట్టాడు.

వేణు:
వాలంటీర్ల విషయం ఒప్పుకుంటాను. కానీ హాళ్ళు, మైదానాలకు ఖర్చుపెట్టేది మునిసిపాలిటీ. రెండు వైపులా విడివిడిగా కట్టాల్సినప్పుడు ఆ డబ్బు ఎవరిది? దీనికి జవాబు చెప్పండి.

ఫణి:
కట్టిన హాళ్ళు రెండు వైపుల పిల్లలూ వాడుకునేలా టైమింగులు పంచితే సరిపోదా? దానికి క్లబ్బునే రద్దు చేయక్కర్లేదు కదండీ.