అప్‌డేట్: విజయనగరం నుంచి చీపురుపల్లి దాకా పరుగు పూర్తయింది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ రోగుల కోసం డబ్బు పోగుచేయడానికి స్నేహితుడితో కలిసి విజయనగరం స్టేషన్ నుంచి చీపురుపల్లి స్టేషన్ దాకా పరుగెత్తాలనుకుంటున్నాం, పట్టాల పక్కనే వెళ్లొచ్చా అని లోగడ అడిగాను. వద్దని గట్టిగా చెప్పినవాళ్లందరికీ దండాలు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. 6 నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే రోడ్డు మీదే వెళ్లాం. దారిలో ప్రతి స్టేషన్ గేటూ తాకి ముందుకు కదిలాం.

తెల్లారకముందే బయల్దేరడం ఎంతో మంచిదైంది. నెల్లిమర్లలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన "ఏటి బాబూ, ఎందుకీ పరుగు?" అని ఆపాడు. సంగతి చెప్పగానే చొక్కా జేబులోంచి మడతలు పడ్డ యాభై నోటు తీసి మావాడి చేతిలో పెట్టాడు. "మా చెల్లి కూడా డయాలసిస్‌కి తిరుగుతంది" అన్నాడు. మాకిద్దరికీ కాసేపు మాట రాలేదు.

గరివిడి దాటాక ఎండ మాడ్చేసింది. మావాడికి పిక్కలు పట్టేస్తే ఓఆర్‌ఎస్ తాగించి, కొంతదూరం నడిచాం.

పరుగుతో పోగైన డబ్బు మందులకు ఇద్దామనుకున్నాం. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తిరగడానికి ఆటో, బస్సు ఖర్చే మోయలేకపోతున్నామని ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపువాళ్లు చెప్పారు. కాబట్టి మొత్తం దానికే. వచ్చేసారి పొందూరు నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా, తోడొచ్చేవాళ్లుంటే చెప్పండి.