సమస్య: వేశ్యవంశమందు వెలసె రాజు (ఆటవెలది)

నిర్వాహకుడు: బైబిల్లోని ఇశ్రాయేలు రాజు దావీదు వంశావళిలో ఎదురుచూడని పూర్వీకుల ప్రస్తావనతో పూరించండి.

తొలకరి:
జనుపమోపులందు చారుల దాచగ
దొగరుదార మొకటి తొంగిచూడ
గూలె గోటగోడ, కుశలము రాహాబు
వేశ్యవంశమందు వెలసె రాజు

పాతగంటం: ఇశ్రాయేలు వేగులను దాచి, కిటికీకి ఎర్రదారం కట్టి వేశ్య రాహాబు బతికిపోయిన యెరికో పట్టణ పతనం కళ్ళకు కట్టింది. రెండో పాదంలో నకారం తర్వాత 'తొగరు'ను 'దొగరు' అని సరళాదేశం చేసినవారు మొదటి పాదంలో 'అందున్ + చారుల' దగ్గర ఎందుకు వదిలేశారు?

తొలకరి: అక్కడ చేస్తే చారులు జారులైపోతారండీ! అసలే ఆవిడ ఇల్లు.

పాతగంటం: నవ్వాపుకోలేకపోయాను. అయినా మార్చక తప్పదు. ఇంకోటి, మూడో పాదానికీ సమస్యకూ అతుకు లేదు. రాహాబు బతికింది సరే, రాజు ఎక్కణ్ణుంచి వచ్చాడు?

మల్లెపందిరి: నాది క్రమాలంకారం, ప్రశ్నలకు వరసగా చివరి పాదంలో జవాబులు.
రాతిగోడమీద రాహాబు పనియేమి?
రూతు చేరె నెందు రూఢిగాను?
గీర్తి యేమి సేసె? గెలిచి దావీదేమి?
వేశ్య, వంశమందు, వెలసె, రాజు

పాతగంటం: జవాబులు చక్కగా కుదిరాయి. 'రూఢిగాను' మాత్రం యతి కోసం వచ్చిన చుట్టం. ఆ చోట 'మోయాబు' పడి ఉంటే పద్యం లేచి కూర్చునేది. పరజాతివారైన మోయాబీయులు పదో తరం దాకా ఇశ్రాయేలు సమాజంలో చేరరాదని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది. రూతు మోయాబు పిల్ల. ఆమె కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, మునిమనవడు దావీదు.

మల్లెపందిరి: ఒప్పుకుంటున్నా. ఒక సందేహం: దావీదు వంశం యూదా గోత్రానిది కదా, 'వేశ్యవంశం' అనొచ్చా?

నిర్వాహకుడు: తండ్రి వరసలో అనకూడదు. రూతు గ్రంథం చివరి జాబితాలో రూతు భర్త బోయజు, అతని తండ్రి శల్మాను పేర్లే ఉన్నాయి, బోయజు తల్లి ఊసు లేదు. యేసు వంశావళి చెప్పే మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోనే 'రాహాబునందు' అని చేరింది. తామారు, రూతు, ఊరియా భార్య కూడా అక్కడే కనబడతారు; తర్వాత దావీదు పెళ్ళాడిన బత్షెబను పేరు పెట్టి పిలవకుండా మొదటి భర్త ఊరియాను గుర్తుచేశాడు మత్తయి చూడండి, అది మామూలు లెక్కరాత కాదు. శారా, రిబ్కాల వంటి మూలతల్లులను వదిలి, పూర్వీకుల్లో ఈ నలుగురినే ఎక్కించాడు. అందుకే ఈ సమస్య ఇచ్చాను.

తొలకరి: సవరించాను.
జనుపమోపు గప్పి చారుల గాచగ
దొగరుదార మొకటి తొంగిచూడ
శత్రుకాంత యనక శల్మాను చేపట్టు
వేశ్యవంశమందు వెలసె రాజు

పాతగంటం: ఇప్పుడు అతుకు కనబడటం లేదు. 'శత్రుకాంత యనక' బాగుంది. కోటగోడ పోయినందుకు కొంచెం బాధే.

మల్లెపందిరి: పదో తరం గొడవ ఆటవెలదిలో ఇమడటం లేదు. రేపు సీసం ఎత్తుకుంటాను.