మలాలా కథను పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ప్రశ్న – సాంఘికశాస్త్రం టీచరు

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. అక్టోబరు 11న అంతర్జాతీయ బాలికా దినోత్సవం. ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలకు, ఆడపిల్లల చదువు కోసం చిన్న వయసులోనే గొంతెత్తిన వారి గురించి ఒక గంటసేపు మాట్లాడమని మా ప్రధానోపాధ్యాయులు నాకు పురమాయించారు. మలాలా యూసఫ్‌జాయ్ పేరే ముందుగా మెదిలింది. అయితే నిరుడు ఇదే కథ చెప్పి, వారం తర్వాత ఏం గుర్తుందని అడిగితే, "బస్సులో కాల్చారు, అయినా బతికింది, నోబెల్ వచ్చింది" అన్న మూడు ముక్కలే పిల్లల నోట వచ్చాయి. ఒక పాప మాత్రం లేచి, "కాల్చకపోయి ఉంటే ఆ అక్క ఎవరికీ తెలిసేదే కాదా మేడం?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు, గంట కొట్టడంతో గండం గడిచింది.

ఈసారి ఆ పరిస్థితి రాకూడదు. తూటాకు ముందు ఆమె ఏం చేసింది, అందులో మన పల్లె పిల్లలకు తమ బతుకులాగా అనిపించేది ఏముంది, ఆమె ఒక్కతే కాక ఇంకెవరి గురించి చెబితే బాగుంటుంది అన్నది తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

జవాబు – పాతపుస్తకం

మేడం, ఆ పాప ప్రశ్ననే మీ పాఠానికి మొదటి వాక్యం చేసుకోండి. మలాలాను కాల్చినందువల్ల ఆమె అందరికీ తెలియలేదు. అప్పటికే తెలిసిన మనిషి కాబట్టే కాల్చారు. 2011లోనే ఆమె పేరు అంతర్జాతీయ బాలల శాంతి బహుమతి పరిశీలనకు వెళ్లింది, అదే ఏడాది డిసెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం ఆమెకు జాతీయ యువ శాంతి పురస్కారం ఇచ్చింది. 2012 అక్టోబరు 9న మింగోరాలో స్కూలు వ్యానును ఆపినవాడు "మలాలా ఎవరు?" అని పేరు పెట్టి అడిగాడు. (మీ పిల్లలు బస్సు అన్నారు కానీ, అది పిల్లలను కుక్కి తీసుకువెళ్లే చిన్న వ్యాను. మన ఆటోల సంగతి తెలిసిన పిల్లలకు అది ఇట్టే అర్థమవుతుంది.) ఆ రోజు ఆమెతోపాటు కైనాత్ రియాజ్, షాజియా రంజాన్ అనే మరో ఇద్దరు విద్యార్థినులు కూడా గాయపడ్డారు. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన బాలికా దినోత్సవాన్ని ప్రపంచం మొట్టమొదటిసారి జరుపుకొన్నది ఆ తర్వాత రెండు రోజులకే. మీరు మాట్లాడబోయేది ఆ రోజు గురించే కాబట్టి, ఇది తప్పక చెప్పండి.

ఇక ముందు కథ. ఆమె పుట్టింది 1997 జూలై 12న, పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో. తండ్రి జియావుద్దీన్ మింగోరాలో సొంతంగా బడి నడిపేవాడు. ఆ లోయను గుప్పిట్లోకి తెచ్చుకున్న తాలిబన్ నాయకుడు ఫజ్లుల్లాకు తుపాకుల కన్నా ముందు అక్కరకు వచ్చింది ఎఫ్‌ఎం రేడియో; జనం అతన్ని రేడియో ముల్లా అనేవారు. బడి మానేసిన ఆడపిల్లలను పేరుపేరునా మెచ్చుకుంటూ ఆ రేడియోలో చెప్పేవారు. బెదిరింపు కన్నా ఈ మెచ్చుకోలు ఎంత లోతుగా పనిచేస్తుందో, ఊళ్లో "ఎంత బుద్ధిమంతురాలో, ఇంటిపట్టున ఉంటుంది" అనే మాట విని పెరిగిన మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత పేల్చివేతలు మొదలై, వందకు పైగా బడులు నేలమట్టమయ్యాయి. చివరికి 2009 జనవరి 15 నుంచి ఏ ఆడపిల్లా బడికి వెళ్లరాదని హుకుం వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బీబీసీ ఉర్దూ విభాగం వారు, బడికి వెళ్లే ఒక అమ్మాయి చేత దినచర్య రాయించాలనుకున్నారు. మొదట ఒప్పుకున్న అమ్మాయి వేరొకరు. ఆమె తల్లిదండ్రులు భయపడి వద్దన్నారు, ఆ పరిస్థితిలో వారిని తప్పుపట్టలేం. అప్పుడు పదకొండేళ్ల మలాలా, గుల్ మకాయి అనే మారుపేరుతో ఆ పనికి పూనుకుంది. మొదటి రోజు రాతలో ఆవేశమూ లేదు, ఉపన్యాసమూ లేదు. రాత్రి పీడకల వచ్చిందనీ, బడికి వెళ్లడానికి భయమేసిందనీ, తరగతిలో 27 మందికి 11 మందే వచ్చారనీ రాసింది. మరో రోజు, రంగురంగుల బట్టలు వేసుకుని రావద్దని బడిలో చెప్పారని రాసింది. ఆ తర్వాత నాలుగో తరగతి దాకా మాత్రమే ఆడపిల్లలను అనుమతించినప్పుడు, పై తరగతి పిల్లలు చిన్న తరగతి వాళ్లలా నటిస్తూ, పుస్తకాలు శాలువాల కింద దాచుకుని వెళ్లేవారు. అంటే ఆమె చేసిన పని, ప్రతిరోజూ బడికి వెళ్లడమూ, అక్కడ జరిగినది ఉన్నది ఉన్నట్టు చెప్పడమూ.

చివరగా తల్లి తోర్ పెకాయి గురించి ఒక్క మాట. ఆమె చిన్నప్పుడు బడిలో చేరింది కానీ, తోటి ఆడపిల్లలందరూ ఇంటి దగ్గర ఆడుకుంటుంటే తాను ఒక్కతే వెళ్లడం నచ్చక, పుస్తకాలను తొమ్మిది అణాలకు అమ్మి మిఠాయి కొనుక్కుని, బడి మానేసింది. తూటా కన్నా ఈ మిఠాయే మీ తరగతికి దగ్గరి కథ అని నా అభిప్రాయం.

జవాబు – పాత వాలంటీరు, గద్వాల

పాతపుస్తకం గారు చెప్పిన మిఠాయి ముచ్చట చదివి కాసేపు ఆగిపోయాను. మేము ఊళ్లలో తిరిగిన రోజుల్లో చూసినది సరిగ్గా అదే: ఆడపిల్ల బడి మానడానికి పేదరికం ఒక కారణమైతే, తోడు లేకపోవడం ఇంకొక కారణం, రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చే శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన పద్ధతిని చూసి నేర్చుకున్న యువకులలో నేనొకణ్ణి. బడిలో లేని ప్రతి పిల్లా, కూలికి పోయినా పోకపోయినా, బాలకార్మికురాలే అన్నది వారి మూలసూత్రం. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని, నీళ్లు మోసి, వంట చేసే ఆడపిల్లను ఏ సర్వే చేసేవాడూ కార్మికురాలిగా రాసుకోని కాలంలో అది చాలా పెద్ద మాట. మా గద్వాల వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పని ఉండేది. సాయంత్రం పూట మొగ్గ ఒలిచి పుప్పొడి తీసివేయాలి, మర్నాడు పొద్దున్నే వేరే పువ్వు తెచ్చి రుద్దాలి. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని, ఎత్తు సరిపోతుందని పైకి చెప్పేవారు. అసలు సంగతి కూలి తక్కువ, ఎదురు చెప్పరు. సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది. అది తీసుకున్నాక ఆ పిల్ల మాట ఆ ఇంట్లో చెల్లేది కాదు.

ఇరవై ఏళ్లు దాటని మేము వెళ్లి చదువు విలువ గురించి ఉపన్యాసాలిస్తే, "అడ్వాన్సు నువ్వు కడతావా?" అని అడిగేవారు. ఉపన్యాసం పనిచేయలేదు. ఒక వాడలో ఐదుగురు ఆడపిల్లలు కలిసి, బడికి సిద్ధం చేసే మా క్యాంపుకు వస్తామంటే పని జరిగేది. ఒక్కరు వస్తే వారం తిరక్కుండానే ఇంటికి వెళ్లిపోయేవారు. కాబట్టి ఉద్యమకారులంటే వేదిక మీద మాట్లాడినవారే అని పిల్లలకు చెప్పకండి. పక్కింటి పిల్లను వెంటబెట్టుకుని వచ్చిన పిల్ల కూడా ఆ కోవలోకే వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్ జిల్లాకు చెందిన రజియా సుల్తాన్ అలాంటిదే. చిన్నతనంలో ఫుట్‌బాళ్లు కుట్టే పనిలో ఉండి, బయటపడి బడిలో చేరి, తన చుట్టుపక్కల పల్లెల పిల్లలను కూడా ఆ పని మాన్పించి బడికి పంపింది. 2013 జూలైలో ఐక్యరాజ్యసమితి విద్యా ప్రతినిధి పక్షాన ఆమెకు పురస్కారం వచ్చింది. మలాలా పక్కన ఆమె పేరు కూడా పలకండి.

జవాబు – ఎదురుప్రశ్న

మేడం, మర్యాదగానే విభేదిస్తున్నాను. పొరుగుదేశపు తాలిబన్ల కథ చెప్పడం మనకు సుఖంగా ఉంటుంది, ఎందుకంటే అందులో దుర్మార్గుడు మన ఊరివాడు కాడు. పైగా పాకిస్తాన్ రాజ్యాంగం 2010లో చేర్చుకున్న 25ఏ అధికరణం 5 నుంచి 16 ఏళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య అంటుంది. మన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 దగ్గరే ఆగిపోతుంది. అమలు అక్కడ ఎలా ఉందన్నది వేరే చర్చ. కానీ మన ఆడపిల్లకు పెళ్లి మాటలు మొదలయ్యే వయసుకే మన చట్టం చేతులు దులుపుకుంటుందన్న సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు తెలియాలా, వద్దా? వారిలో చాలామంది ఆ అంచు మీదే నిలబడి ఉన్నారు.

రెండో మాట. మలాలా కథను నోబెల్‌తో ముగిస్తే గెలుపు కథ అయిపోతుంది. 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు మళ్లీ అధికారానికి వచ్చారు. 2022 మార్చి 23న ఉన్నత తరగతుల ఆడపిల్లలకు బడులు తెరుస్తామని చెప్పి, పిల్లలు బ్యాగులు తగిలించుకుని వచ్చాక అదే రోజు మూసేశారు. ఆ డిసెంబరులో విశ్వవిద్యాలయాలనూ ఆడవారికి మూశారు. ఊరూరా పుస్తకాలు మోసుకువెళ్లి, ఆడపిల్లల బడుల కోసం పెద్దలను ఒప్పించిన పెన్‌పాత్ సంస్థ వ్యవస్థాపకుడు మతీవుల్లా వేసాను 2023 మార్చిలో అరెస్టు చేసి, దాదాపు ఏడు నెలలు నిర్బంధించారు. ఇది కూడా చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది.

జవాబు – పాతపుస్తకం

ఎదురుప్రశ్న గారి రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటిదానికి చిన్న సవరణ: కథ దూరపుదైనంత మాత్రాన పిల్లలు దూరంగా ఉండిపోరు. తన ఇంటి సంగతి నోరు విప్పి చెప్పలేని పిల్ల, స్వాత్ పిల్ల సంగతిగా దాన్ని చెప్పగలదు. ఇక వయసు గురించి సందేహిస్తే, మన దగ్గరే పాత ఉదాహరణ ఉంది. 1848లో పుణేలో ఆడపిల్లల బడిలో పాఠం చెప్పడం మొదలుపెట్టే నాటికి సావిత్రీబాయి ఫూలేకు పదిహేడేళ్లు. వారి బడిలో చదివిన మాంగ్ అనే దళిత కులపు పిల్ల ముక్తాబాయి, పద్నాలుగేళ్ల ప్రాయంలో తన వారి కష్టాల మీద రాసిన వ్యాసం 1855లో అచ్చయింది. నోబెల్‌తో ముగించనవసరం లేదు, ఆ వ్యాసంతో మొదలుపెట్టినా బాగుంటుంది.

ప్రశ్న అడిగిన టీచరు

అందరికీ ధన్యవాదాలు. గంటసేపట్లో ఇవన్నీ పట్టవు కాబట్టి, నాకు చేతనైనంత ఏరుకున్నాను. చట్టంలోని 14 ఏళ్ల సంగతి చెబుతాను. మా మండలంలోని కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ వరకు ఉందని కూడా ఆ పక్కనే చెబుతాను, లేకపోతే భయపెట్టినట్టు అవుతుంది. మలాలాను తూటాతో కాక, బోర్డు మీద "27లో 11" అని రాసి మొదలుపెడతాను. మా ఎనిమిదో తరగతి హాజరుపట్టీలో 34 పేర్లున్నాయి. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన నాటి నుంచి ఇద్దరు ఆడపిల్లలు పత్తి ఏరడానికి పోతున్నారని తోటిపిల్లలు చెప్పారు. ఇద్దరిదీ ఒకే వాడ. గద్వాల వాలంటీరు గారూ, ఈ ఆదివారం ఆ వాడకు వెళ్లేటప్పుడు నిరుడు ప్రశ్న అడిగిన పాపను, ఆమె పక్కన కూర్చునే ఇంకో ఇద్దరిని కూడా వెంట తీసుకుని వెళ్దామనుకుంటున్నాను. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న ఆ పాపది కూడా ఆ వాడేనట. తల్లిదండ్రులతో ముందు నేను మాట్లాడాలా, పిల్లలను మాట్లాడనివ్వాలా?