అప్‌డేట్: ఇడ్లీ బండికీ, ఆవకాయ సీసాలకూ ఒకే అనుమతి చాలదు
మా పిన్ని నడిపే ఇడ్లీ బండికీ, ఇంట్లో పెట్టి సీసాల్లో అమ్మే ఆవకాయకూ ఒకే అనుమతి సరిపోతుందా అని లోగడ అడిగాను. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఇలాంటి చిరువ్యాపారులకు లైసెన్సు అక్కర్లేదు గాని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే 14 అంకెల నంబరు మాకు వచ్చింది. అయితే, అది ఉన్నంత మాత్రాన రోడ్డు పక్కన బండి నిలుపుకొనే హక్కు రాదు. అందుకు 2014 వీధి వ్యాపారుల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ (పట్టణంలో వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే కమిటీ) సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలన్న నియమం నాకెంతో న్యాయంగా తోచింది. సీసాలపై మాత్రం పదార్థాలు, నికర తూకం, తయారీ తేదీ, గరిష్ఠ చిల్లర ధర, శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు ముద్రించాలి. లేబుళ్లు సిద్ధమయ్యాయి, బండి సర్టిఫికెట్‌కు ఆధారమైన వీధి వ్యాపారుల సర్వేలో పిన్ని పేరు ఇంకా చేరాల్సి ఉంది.