పీఎస్3 ఎందుకు ఆలస్యమైంది, హెచ్‌డీ డీవీడీ ఎందుకు పోయింది: తెలిసినవాళ్లు వివరంగా రాయండి

రీలుబండి
రెండు ప్రశ్నలు కలిపి అడుగుతున్నా, రెండిటికీ ముడి ఒకటే కాబట్టి: సోనీ గేమ్ కన్సోల్ పీఎస్3 (ప్లేస్టేషన్ 3)లో పెట్టిన బ్లూ-రే డిస్కు, దానికి పోటీగా తోషీబా నిలబెట్టిన హెచ్‌డీ డీవీడీ. 2005 మేలో ఈ3 గేమ్ షోలో పీఎస్3ని చూపించి 2006 వసంతానికి తెస్తామన్నారు. తీరా వచ్చింది జపాన్‌లో 2006 నవంబర్ 11న, అమెరికాలో నవంబర్ 17న, యూరప్‌లో 2007 మార్చి 23న. కాపీ రక్షణ తేలక ఆగిందని కొందరు, డిస్కు చదివే లేజర్ డయోడ్లు దొరక్క ఆగిందని కొందరు అంటారు. ఏది నిజం? ఇంకోటి: అటక మీంచి దించిన పీఎస్3లు, మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360కి అమ్మిన హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌లు ఇప్పుడు పనిచేయాలంటే ఏమేం చూసుకోవాలి? జ్ఞాపకాలు వద్దు, లెక్కలూ పద్ధతులూ రాయండి చాలు.

నీలికాంతి
రెండూ నిజమే. కాకపోతే అవి రెండు వేర్వేరు వాయిదాలు.

మొదటిది 2006 మార్చి 15న. సోనీ గేమ్ విభాగం అధిపతి కెన్ కుతరాగి టోక్యోలో చెప్పిన కారణం బ్లూ-రే కాపీ రక్షణ నిబంధనలు ఖరారు కాలేదని. అప్పటికి ఏఏసీఎస్ (రెండు రకాల డిస్కులకీ వేసే కాపీ తాళం) ఒప్పందమే తాత్కాలికం. దాని మీద బ్లూ-రే వాళ్లకు బీడీ+ అని ఒక తాళం, రామ్ మార్క్ అని ఇంకో తాళం. ఏఏసీఎస్ దెబ్బ సోనీ ఒక్కదానికే తగల్లేదు లెండి. 2005 చివరికల్లా అన్న తోషీబా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ అమెరికా షాపుల్లోకి వచ్చేసరికి 2006 ఏప్రిల్ 18 అయింది.

రెండోది సెప్టెంబర్ 6న. యూరప్‌ని 2007 మార్చికి నెట్టేశారు. ఇది అచ్చంగా డయోడ్ల గొడవే. 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్‌ని గాలియం నైట్రైడ్‌తో చేస్తారు, అప్పట్లో దాన్ని లక్షల్లో తీయడం చేతకాలేదు. మొదటి రోజుకి జపాన్‌కి 1 లక్ష, అమెరికాకి 4 లక్షల కన్సోళ్లే ఇవ్వగలమని సోనీయే చెప్పుకుంది. తోషీబాకి కావాల్సిందీ అదే 405 డయోడే కదా అని అడగొచ్చు. ప్లేయర్లు వేలల్లో అమ్మేవాడికీ, ఒక్క రోజున లక్షల్లో పెట్టెలు దించాల్సినవాడికీ కొరత ఒకేలా తగలదు.

బిట్‌రేటు
డయోడ్ ఒకటే అయినప్పుడు ఒకదాంట్లో 25 జీబీ, ఇంకోదాంట్లో 15 జీబీ ఎందుకు పట్టాయన్నది అసలు విషయం. తేడా అంతా లెన్సులో ఉంది. లెన్స్ ఎంత వెడల్పు కోణంలో కాంతిని పోగు చేస్తుందో చెప్పే అంకె (ఎన్‌ఏ) బ్లూ-రేకి 0.85, హెచ్‌డీ డీవీడీకి 0.65. డిస్క్ మీద పడే వెలుగు చుక్క వెడల్పు తరంగదైర్ఘ్యాన్ని ఎన్‌ఏతో భాగించినట్టు ఉంటుంది, అంటే ఎన్‌ఏ పెరిగితే చుక్క తగ్గుతుంది. పట్టే సమాచారం చుక్క వైశాల్యాన్ని బట్టి కాబట్టి 0.85ని 0.65తో భాగించి వర్గం చేయండి, 1.71 వస్తుంది. 25ని 15తో భాగిస్తే 1.67. లెక్క దాదాపు అక్కడికక్కడే సరిపోయింది.

మరి తోషీబా 0.85 ఎందుకు పెట్టలేదంటే, ఎన్‌ఏ పెంచితే డిస్క్ కాస్త వంగినా చుక్క తోకచుక్కలా సాగిపోతుంది. ఆ దోషం ఎన్‌ఏ ఘనంతోనూ, పైన ఉన్న ప్లాస్టిక్ మందంతోనూ పెరుగుతుంది. డీవీడీలాగే 0.6 మి.మీ. మందం ఉంచి 0.85 లెన్స్ పెడితే ఆ దోషం 0.1 మి.మీ.కి వచ్చేదానికి సరిగ్గా 6 రెట్లు. అందుకే బ్లూ-రే వాళ్లు సమాచారాన్ని పైపొరకి 0.1 మి.మీ. దగ్గరికి తెచ్చారు. తోషీబా డీవీడీ మందమే ఉంచుకుని, పాత ప్రెస్ లైన్లకే చిన్న మార్పులు చేసి డిస్కులు కొట్టొచ్చు అంది. బ్లూ-రేకి ఆ 0.1 పొర వేయడానికి కొత్త యంత్రాలు కావాలి. ఈ 0.1 దగ్గరే యుద్ధం మొదలైంది. 2005లో రెండు వర్గాలూ కలుద్దామని కూర్చున్నా తెగనిది ఇక్కడే.

టంకం
ఆ 0.1 మి.మీ.కి ఇంకో ముఖం ఉంది. లేజర్ డిస్క్ పైభాగాన్ని తాకే చోట డీవీడీలోనైనా హెచ్‌డీ డీవీడీలోనైనా అర మి.మీ. వెడల్పు వెలుగు మచ్చ పడుతుంది. బ్లూ-రేలో అది 0.13 మి.మీ. చుట్టుపక్కల. ఒక వెంట్రుక అడ్డం పడితే డీవీడీకి పెద్దగా పట్టదు, బ్లూ-రేకి సగం వెలుగు పోతుంది. అందుకే 2003 ఏప్రిల్‌లో జపాన్‌లో వచ్చిన మొదటి బ్లూ-రే రికార్డర్ డిస్కుల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మారు. తర్వాత టీడీకే గట్టి పూత కనిపెట్టాకే ఆ డబ్బా పోయింది.

ఇప్పుడు పనికొచ్చే మాట: సీడీల మీద గీతలకి టూత్‌పేస్ట్ రుద్దే చిట్కా బ్లూ-రే మీద చేయకండి. సానపట్టే మిషన్ కూడా వద్దు. గీత పోయేలోపు పూత పోతుంది, పూత కింద ఉన్నది 0.1 మి.మీ. మాత్రమే. హెచ్‌డీ డీవీడీకి 0.6 ఉంది కాబట్టి తేలిగ్గా సానపట్టినా తట్టుకుంటుంది.

అణాకానీ
భౌతికశాస్త్రం బాగుంది గానీ బిట్‌రేటు గారూ, గెలుపు లెన్సులో లేదు, స్టూడియోల సంతకాల్లో ఉంది. తేదీలు చూడండి. 2007 ఆగస్టులో పారామౌంట్ హెచ్‌డీ డీవీడీకే కట్టుబడింది. నవంబర్‌లో వాల్‌మార్ట్‌లో తోషీబా ఏ2 ప్లేయర్ 100 డాలర్ల లోపుకి దిగింది. అప్పటికి పందెం ఎటైనా తిరగొచ్చు. 2008 జనవరి 4న, సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షో ఇంకా మొదలు కాకుండానే, వార్నర్ ఇక బ్లూ-రే ఒక్కటే అంది. ఫిబ్రవరి 11న అప్పట్లో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, ఎలక్ట్రానిక్స్ షాపుల బెస్ట్ బై, 15న వాల్‌మార్ట్ అటు మొగ్గాయి. 19న తోషీబా చేతులెత్తేసింది. ఆరున్నర వారాల్లో కథ కంచికి.

నీలికాంతి
సరే, వార్నర్ ఎటు చూసి సంతకం పెట్టింది? ఇళ్లలో ఉన్న యంత్రాల లెక్క చూసి. ఆ లెక్కలో బ్లూ-రే వైపు బరువంతా పీఎస్3దే. 2006 జూన్‌లో మొదటి విడి బ్లూ-రే ప్లేయర్ 999 డాలర్లు. నవంబర్‌లో పీఎస్3 499, 599. ఒక్కో పెట్టెకి భాగాల ఖర్చే 800 డాలర్ల పైమాట అని ఐసప్లై అనే పరిశోధన సంస్థ అంచనా. అంటే సోనీ ప్రతి పెట్టె మీదా చేతి డబ్బు పోసి బ్లూ-రే ప్లేయర్‌ని ఇంట్లోకి దూర్చింది. మైక్రోసాఫ్ట్ మాత్రం హెచ్‌డీ డీవీడీని 199 డాలర్ల విడి డ్రైవ్‌గా పెట్టింది, కావాల్సినవాడు కొనుక్కుంటాడని. కొనని వాళ్లే ఎక్కువ. మన దేశంలో 2007 ఏప్రిల్‌లో పీఎస్3 ధర 39,990 రూపాయలు. ఆ ధర చూసి గుండె పట్టుకున్నవాళ్లకి కూడా సినిమా ప్లేయర్‌గా అదే చవక బేరం.

బిట్‌రేటు
అయినా మొదటి ఆరు నెలలూ చూడ్డానికి హెచ్‌డీ డీవీడీయే బాగుండేది, ఇది ఒప్పుకోవాలి. మొదటి బ్లూ-రేలు 25 జీబీ ఒంటిపొర మీద పాత ఎంపెగ్-2 కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి)తో కుక్కినవి. హెచ్‌డీ డీవీడీలు 30 జీబీ, కొత్త కోడెక్ వీసీ-1. వీడియోకి బ్లూ-రే పరిమితి సెకనుకి 40 మెగాబిట్లు, హెచ్‌డీ డీవీడీది 29.4. కానీ పరిమితి ఎంతైతే ఏం, కోడెక్ పాతదైతే అది బూడిదలో పోసిన పన్నీరే. 50 జీబీ డిస్కులు 2006 చివర్లో వచ్చాక, ఏవీసీ, వీసీ-1 లాంటి కొత్త కోడెక్‌లు అలవాటయ్యాక తేడా తిరగబడింది.

ప్లేయర్ల సంగతీ అంతే. తోషీబా మొదటి ప్లేయర్ లోపల పెంటియం 4 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. డిస్క్ పెట్టి టీ కలుపుకొచ్చేలోపు మొదలవుతుంది. బొమ్మ మాత్రం 1080ఐ వరకే. అటువైపు మొదటి బ్లూ-రే ప్లేయర్లు ప్రొఫైల్ 1.0 (ప్లేయర్‌కి ఏ హంగులుండాలో చెప్పే నిబంధన), తర్వాత వచ్చిన 1.1, 2.0 హంగులు చాలావాటికి ఎక్కలేదు. పీఎస్3కి ఎక్కాయి: 2007 డిసెంబర్‌లో ఫర్మ్‌వేర్ 2.10తో 1.1, 2008 మార్చిలో 2.20తో 2.0, ఏప్రిల్‌లో 2.30తో డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే నాణ్యమైన శబ్ద పద్ధతి. ఒక మెలిక: పాత లావు పీఎస్3 ఆ శబ్దాన్ని లోపలే విప్పి మామూలు డిజిటల్ శబ్దమైన పీసీఎం‌గా పంపుతుంది. రిసీవర్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్) మీద డీటీఎస్ దీపం వెలగలేదని కంగారుపడకండి, నాణ్యత ఏమీ పోలేదు. నేరుగా స్ట్రీమ్ పంపేది 2009 స్లిమ్ నుంచే.

జాయ్‌స్టిక్కు
ఆటల వైపు కూడా ఒకటి చెప్పాలి. బ్లూ-రే ఉంటే ఆటలు వేగంగా లోడ్ అవుతాయని చాలామంది అనుకున్నారు. పీఎస్3 డ్రైవ్ 2ఎక్స్, అంటే సెకనుకి 9 మెగాబైట్లు, డిస్క్ ఏ మూలనైనా అంతే. ఎక్స్‌బాక్స్ 360లో 12ఎక్స్ డీవీడీ, బయటి అంచున 16 దాకా పోతుంది, లోపలికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. అందుకే పీఎస్3 ఆటలు కొన్ని ముందు హార్డ్ డిస్క్‌లోకి ఇన్‌స్టాల్ అవుతామని మొండికేస్తాయి. లాభం వేగంలో లేదు, చోటులో ఉంది: అవతల నాలుగు డీవీడీలు మార్చాల్సిన ఆట ఇక్కడ ఒక్క డిస్కులో సరిపోతుంది.

టంకం
ఇక రిపేరు. పీఎస్3 బ్లూ-రే చదవట్లేదు అంటే ముందు విప్పకండి. మూడు డిస్కులు తీసుకోండి: ఒక పాటల సీడీ, ఒక సినిమా డీవీడీ, ఒక బ్లూ-రే. సీడీకి 780, డీవీడీకి 650, బ్లూ-రేకి 405 నానోమీటర్ల లేజర్లు, మూడూ వేరు. సీడీ, డీవీడీ ఆడి బ్లూ-రే ఒక్కటే ఆడకపోతే నీలి డయోడ్ నీరసించింది, లేదా దాని లెన్స్ మీద మసి. బ్లూ-రే మొదలై ఎప్పుడూ సినిమా మధ్యలోనే ఆగుతుంటే రెండో పొర మీదికి ఫోకస్ మారలేకపోతోంది, అదీ డయోడ్ బలహీనతే. ఏ డిస్కూ తిరగకపోతే లేజర్ కొనకండి, ముందు పల్చటి రిబ్బన్ కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

లెన్స్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల చివర తడి మాత్రం ఉండాలి, చుక్క కారకూడదు. ఒత్తకుండా ఒక్క దిశలో. బ్రష్ ఉన్న లెన్స్ క్లీనర్ డిస్కులు వద్దు: బ్లూ-రే లెన్స్ డిస్క్‌కి బాగా దగ్గరగా పనిచేస్తుంది, బ్రష్ తగిలితే లెన్స్ మీదే గీత.

మార్చాల్సి వస్తే మోడల్ చూసుకోండి. మొదటి లావు పెట్టెల్లో కేఈఎస్-400ఏ, దానికి పక్కపక్కన రెండు లెన్సులు. తర్వాతి లావువాటిలో కేఈఎస్-410ఏ, ఒకటే లెన్స్. స్లిమ్‌లో 450ఏ. ఒకదానికి ఇంకోటి ఎక్కదు. పై మూత స్క్రూ స్టిక్కర్ కింద దాక్కుని ఉంటుంది, మధ్యలో రంధ్రం ఉన్న టీ10 సెక్యూరిటీ టార్క్స్ బిట్ కావాలి.

అందరూ చేసే తప్పు: పాత డ్రైవ్ పీకి సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ మొత్తం పెట్టడం. డ్రైవ్ కిందున్న చిన్న బోర్డు మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. బోర్డు మారితే ఆటలు ఆడవు. లేజర్, దాని పట్టాలు మార్చండి, బోర్డు మాత్రం మీదే ఉంచండి. కొత్త లేజర్లు కొన్నిటికి స్టాటిక్ దెబ్బ తగలకుండా రెండు చుక్కలు కలిపి టంకం వేసి పంపుతారు. కేబుల్ పెట్టాక ఆ టంకం తీయాలి. తీయకపోతే కొత్తది కూడా చచ్చినట్టే కనిపిస్తుంది, పాపం అమ్మినవాణ్ణి తిడతారు.

డాలస్‌బావ
అమెరికాలో కొన్న బ్లూ-రేలు ఇండియా పీఎస్3లో ఆడతాయా? బావమరిదికి ఒక పెట్టెడు పంపుదామని.

నీలికాంతి
డిస్క్‌ని బట్టి బావగారూ. బ్లూ-రేకి అమెరికా రీజియన్ ఏ, ఇండియా సీ. వెనక అట్ట మీద ఏ అని ఒక్కటే ఉండి డిస్క్‌కి లాక్ కూడా వేసి ఉంటే ఇక్కడి పీఎస్3 ఆడదు. ఏ, బీ, సీ మూడూ ఉంటే నిశ్చింతగా పంపండి. లాక్ వేయని స్టూడియోలు కూడా చాలానే ఉన్నాయి. పీఎస్3 ఆటలకి ఈ గొడవ దాదాపు లేదు, సినిమాలకే. హెచ్‌డీ డీవీడీకి అసలు రీజియన్ కోడే లేదు. ఓడిపోయినా ఈ ఒక్క మర్యాద దానిది.

పాతడబ్బా
హెచ్‌డీ డీవీడీ డ్రైవ్ సంగతి నేను చెప్తా. ఎక్స్‌బాక్స్ 360 డ్రైవ్ యూఎస్‌బీ 2.0, సొంత అడాప్టర్ ఉంది. ప్లగ్గు పెట్టే ముందు అడాప్టర్ మీద 100-240 ఉందో 120 ఒక్కటే ఉందో చదవండి. కంప్యూటర్‌కి కలిపితే మామూలు డ్రైవ్‌లా కనిపిస్తుంది. డిస్కుల ఫైల్ సిస్టం యూడీఎఫ్ 2.5, విస్టా నుంచి విండోస్ దానంతటదే చదువుతుంది. పాత ఎక్స్‌పీకి విడి డ్రైవర్ కావాలి. లోపలి వీడియో ఫైళ్లు ఈవీఓ. డబుల్ క్లిక్ చేస్తే ఆడవు, ఏఏసీఎస్ తాళం ఉంది. డిస్కుని వీడియో ఫైలుగా మార్చే మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ హెచ్‌డీ డీవీడీలని ఇంకా గుర్తుపడుతుంది. సొంత డిస్కులకి అదే దారి. ఎల్‌జీ జీజీసీ-హెచ్20ఎల్ అనే సాటా డ్రైవ్ (కంప్యూటర్ లోపల బిగించేది) దొరికితే ఇంకా మంచిది, బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ రెండూ చదువుతుంది.

డిస్కులు ఉన్నవాళ్లు ఈ పని వాయిదా వేయకండి. హెచ్‌డీ డీవీడీలు లోపలి పొర పాడై వాటంతటవే చచ్చిపోతున్నాయి, పైన గీత కూడా ఉండదు. గుర్తు ఇది: రెండు వేర్వేరు డ్రైవ్‌లలోనూ సరిగ్గా ఒకే నిమిషం దగ్గర ఆగితే లోపం డిస్క్‌ది. వేర్వేరు చోట్ల ఆగితే డ్రైవ్‌ది.

రీలుబండి
బోలెడు విషయం దొరికింది. ఒక్కటి మిగిలింది: పీఎస్3 కొత్త బ్లూ-రే పెడితే ఎన్‌క్రిప్షన్ కీ రెన్యూ చేయాలంటోంది. పాతవి ఆడుతున్నాయి.

టంకం
అదీ ఏఏసీఎస్ చలవే. ఆ కీకి గడువుంటుంది, ఇన్నేళ్ల తర్వాత కూడా సోనీ చిన్న అప్‌డేట్లు వదిలేది ఎక్కువగా దీనికోసమే. నెట్ ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టం అప్‌డేట్ నొక్కండి. లేకపోతే పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32, ఎంబీఆర్‌గా ఫార్మాట్ చేసి, పీఎస్3 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్, అందులో దించుకున్న పీయూపీ (అప్‌డేట్) ఫైలు పెట్టండి. పేర్లు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే. ఎక్స్‌ఫ్యాట్ పెడితే ఫైలే కనపడలేదంటుంది. ఇంకోటి, బ్లూ-రే డ్రైవ్ బోర్డు దొరక్కపోతే అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి డ్రైవ్ విప్పి బల్ల మీద పెట్టినప్పుడు అప్‌డేట్ జోలికి పోకండి, ముందు కేబుళ్లు బిగించండి.